రిజెక్టు గుట్టలోని మేక

మా ఇంట్లోకి ఏ వస్తువూ ఊరికే రాదు. మా ఆయన చేతి కింద నుంచి రావాలి. ఆయన ఉద్యోగమంతా స్టీలు ప్లాంటులో, రైలు పట్టాలు తయారుచేసే మిల్లులో, ఇన్‌స్పెక్షన్ మీదే గడిచింది. పట్టా పొడుగునా నడుస్తూ, వంగి చూస్తూ, వేలితో తడుముతూ, బాగున్నదానికి ఒక గుర్తు, బాగోలేనిదానికి ఇంకో గుర్తు పెట్టడం ఆయన పని. రిటైరయ్యాక పట్టాలు పోయాయి, చూపు మాత్రం ఇంటికొచ్చేసింది. పవర్ హౌస్ బజారు నుంచి నేను తెచ్చిన గిన్నెని బల్ల మీద బొంగరంలా తిప్పి చూస్తారు. నేను ఒత్తిన చపాతీని ట్యూబులైటుకి ఎత్తి పట్టి, "ఈ పక్క మందం ఎక్కువైంది" అంటారు. ఒకరోజు నాకు చిర్రెత్తి, "మందంగా ఉన్న పక్క నాకొదిలీసి మిగతాది తినండి" అన్నాను. నిజంగానే అలా తిన్నారు.

అందుకే, బొమ్మల పుస్తకాల అట్టపెట్టె సంఘం హాలుకి వెళ్ళకుండా తిన్నగా మా వరండాలో దిగినప్పుడే నాకు తెలిసిపోవాల్సింది. మా సెక్టారు తెలుగు సంఘంలో ఒక పద్ధతుంది. ఒకసారి కుర్చీలు కొన్నారు. ఉగాది సభలో, పంచాంగ శ్రవణం మధ్యలో, ఓ పెద్దాయన కుర్చీతో సహా వెనక్కి విరుచుకు పడ్డారు. అప్పటినుంచీ సంఘానికి ఏది కొన్నా, మా ఆయన చూసి సరేనన్నాకే డబ్బు కట్టాలని తీర్మానం. సంఘంలో అందరూ ప్లాంటులో పనిచేసి దిగినవాళ్ళే కదా, ఇది ఎవరికీ వింతగా తోచలేదు. పులిహోర గంగాళం, మైకు, హార్మోనియం అన్నీ మా వరండాలో ఆగి, పాసై, ముందుకు వెళ్ళినవే.

కానీ ఈ పుస్తకాలు నావి. నేను అడిగి, దెబ్బలాడి తెప్పించుకున్నవి. ఆదివారం పొద్దున్న హాల్లో చిన్నపిల్లలకి నేను తెలుగు చెప్తాను. విజయనగరం పక్క పల్లె నుంచి పెళ్ళయి ఈ హిందీ ఊరొచ్చిన దగ్గరనుంచీ క్వార్టరు, బజారు, గుడి, మళ్ళీ క్వార్టరు, ఇదే నా తిరుగుడు. ఇంటి బయట నాదంటూ మొదలుపెట్టిన పని ఆ క్లాసొక్కటే. మొదట్లో పిల్లలు బాగానే వచ్చారు. తర్వాత పలచబడ్డారు. మెట్ల మీద గలగలా హిందీ మాట్లాడుకుంటూ వచ్చిన పిల్లలు, గోడ మీద నా అచ్చుల చార్టు కనబడగానే మూగనోము పట్టేవారు. "ఇదేటమ్మా?" అని ఆవు బొమ్మ చూపిస్తే, తెలిసినవాళ్ళు కూడా తల దించుకునేవారు.

సంఘం సెక్రటరీ మంచివాడే. లోకో షెడ్డులో చేసి రిటైరయ్యాడు. మా ఆయన్ని అన్నయ్యా అంటాడు, నన్ను వదినా అంటాడు. ఆ వేసవి మొదట్లో మా ఇంటికొచ్చి, మజ్జిగ గ్లాసు పట్టుకుని నేల చూపులు చూశాడు. "వదినా, నన్నేటనకు. సెలవులయ్యీలోగా పిల్లలు పెరగకపోతే, ఆదివారం హాలు యోగా వాళ్ళకిచ్చీద్దామంటన్నారు కమిటీలోన. సెలవుల ఆఖరి ఆదివారం వొచ్చి చూస్తారట." అప్పుడే అడిగాను, కొత్త బొమ్మల పుస్తకాలు కావాలని. చార్టుతో కాని పని వాటితో అవుతుందేమోనని నా ఆశ. విశాఖలో ఉన్న అతని తమ్ముడు అక్కడి షాపులో చిన్నపిల్లల కోసం కొత్తగా వచ్చినవన్నీ ఏరి, రైలెక్కించి తెచ్చాడు. నచ్చనివి వెనక్కిచ్చేయొచ్చని బేరం. సోమవారం అతను తిరిగి వెళ్ళిపోతాడు.

శనివారం పొద్దున్నే వరండాలో పాత పేపర్లు పరిచారు మా ఆయన. ఒక చివర ఎరుపు, ఒక చివర నీలం ఉండే పెన్సిలు చెవి మీద పెట్టుకున్నారు. నేనూ, మా అయిదేళ్ళ మనవరాలూ గుమ్మంలో గొంతుక్కూర్చున్నాం. మా అబ్బాయీ కోడలూ డ్యూటీలకు పోతారు, ఆ పిల్ల రోజంతా మా దగ్గరే. ఇంట్లో మేం తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెప్తుంది. పెట్టె విప్పగానే కొత్త కాగితం వాసన గుప్పుమంది. పిల్ల చెయ్యి చాపింది. "ఇన్‌స్పెక్షన్ అయ్యీవరకూ ఎవులూ చెయ్యెట్టకండి" అన్నారాయన. ఎవులూ అంటే నేను కూడానన్నమాట.

ప్రతి పుస్తకం వెనక అట్ట మీద ఒక తెల్ల చీటీ అంటించి, పాసైనదానికి నీలం టిక్కు, కానిదానికి ఎరుపు ఇంటూ. మొదట కొన్ని నీలం గుట్టలోకి వెళ్ళాయి. మూలలు చక్కగా ఉన్నాయి, అక్షరాలు వరసగా ఉన్నాయి, ఒక మంచిపిల్లాడు పళ్ళు తోముకుంటున్నాడు. తర్వాత ఎరుపు మొదలైంది.

"దీనికి నడిమధ్యన కన్నం. చూడు, ప్రతి పేజీకీ అక్కడే."

"అది కావాలని పెట్టినారేమోనండీ."

"కావాలని కన్నమెవుడెడతాడే?"

ఇంకో పుస్తకం సగం దాకా బాగుంది, అక్కడినుంచి తలకిందులు. ఇంకోదానిలో తలుపు బొమ్మ మీద, పెట్టె బొమ్మ మీద కాగితం ముక్కలు పైకి లేస్తున్నాయి. "సరిగ్గా అంటించలేదు" అని ఇంటూ పెట్టారు. నాకు నవ్వొచ్చింది. ఎరుపు గుట్ట నీలం గుట్టని దాటేసరికి ఆ నవ్వు కాస్తా ఎగిరిపోయింది. ఆఖరికి ఒక పుస్తకం తీసి మొత్తం తిరగేసి, మళ్ళీ తిరగేసి, నిజంగా బాధపడుతూ నా వైపు చూశారు. "ఇదైతే మరీ అన్యాయం. బొమ్మలు పడ్డాయి, అక్షరాలు పడలేదు. పుస్తకం పుస్తకమంతా. ఇలాంటిది అమ్మడానికి సిగ్గుండాల."

తీసుకుని చూశాను. పంచె కట్టిన ఒక ముసలాయన, ఒక మేక, ఒక పెద్ద నల్ల గొడుగు. ఒక్కో పేజీకి ఒక్కో బొమ్మ, మాట అన్నది లేదు. నిజం చెప్పొద్దూ, నాకూ అనుమానమే వచ్చింది. అక్షరం లేని పుస్తకాన్ని నేనూ ఎప్పుడూ చూడలేదు. కానీ ఆ బొమ్మల్లో ఏదో జరుగుతోంది. మేక మొహం పేజీ పేజీకీ మారుతోంది. అచ్చు తప్పితే అక్షరాలు పోతాయి గానీ, కథ ఇంత నిండుగా ఉంటుందా? అదే అడిగాను.

"నువ్వు కథ చూస్తన్నావు, నేను సరుకు చూస్తన్నాను" అన్నారు.

"ఈ సరుకు వెనక్కి పోతే నా క్లాసు పోతాది. తెలుసా మీకు?"

"తెలుసు. అలాగని కన్నాలున్నవి పాస్ చేసీమంటావేటి?"

ఇక నా నోరు ఆగలేదు. చపాతీల దగ్గర మొదలెట్టి, పెళ్ళిచూపుల్లో నన్ను ఎగాదిగా చూడడం దాకా అన్నీ ఎత్తిపొడిచాను. ఆయన ఎరుపు గుట్టని తాడుతో కట్టేశారు. "రిజెక్టయిన సరుకు గేటు దాటదు, షాపుకి తప్ప" అన్నారు. "ఎందుకు దాటదో రేపు చూస్తాను" అన్నాను.

ఆదివారం ఆయన స్నానానికి వెళ్ళగానే తాడు విప్పి, పుస్తకాలు రెండు సంచుల్లో సర్ది, మనవరాల్ని వెంటేసుకుని హాలుకి నడిచాను. వచ్చిన పిల్లలు కొద్దిమందే. ఆ రోజు చార్టుని గోడవైపు తిప్పేశాను. జంపఖానా మీద పుస్తకాలు పరిచి, మాట్లాడకుండా గోడకి ఆనుకుని కూర్చున్నాను. చదవండి అనలేదు. ఏం చేస్తారో చూద్దామని నాకే కుతూహలంగా ఉంది.

కన్నం పుస్తకం దగ్గరికి ఒక చెయ్యి వెళ్ళింది. వేలు దూరింది. పేజీ తిరిగింది. మొదటి పేజీలో ఎలుక కలుగు, రెండో పేజీలో చందమామ, మూడో పేజీలో చేప కన్ను. అదే కన్నం! చేప కంట్లో వేలు పెట్టినందుకు ఒక పిల్ల ఇంకో పిల్లాడి వీపు మీద ఒక్కటిచ్చింది. తలకిందుల పుస్తకాన్ని ఇద్దరు ఎదురెదురుగా పట్టుకుని చెరో కథా చూసుకుంటున్నారు. రెండు కథలూ మధ్యలో ఒకే నది దగ్గర కలుస్తాయట, నాకు వాళ్ళే చూపించారు. కాగితం తలుపుల అవతల ఎవరున్నారో చూడ్డానికి ముందు తలుపు కొట్టి, ఆగి, అప్పుడు తెరుస్తున్నారు. ఓ పుస్తకంలో సముద్రం మీద ఆకాశమంతా ఎర్రగా ఉంది. "స్లాగ్ పోశారు!" అని అందరూ ఒక్కసారే అరిచారు. ప్లాంటులో కరిగిన చిట్టెం గుమ్మరించినప్పుడల్లా మా ఊరి ఆకాశం అలాగే ఎర్రబడుతుంది. సూర్యాస్తమయం అని చెప్పబోయి నోరు మూసుకున్నాను. వాళ్ళు పుట్టి పెరిగిన ఆకాశం అది.

మేక పుస్తకం మా మనవరాలి ఒళ్ళోకి వెళ్ళింది. "ఇస్‌మే కుఛ్ లిఖా హీ నహీ" అన్నాడు పక్కనున్న పిల్లాడు.

"ఏటీ రాయలేదు కాబట్టి ఏటి జరిగిందో మీరే చెప్పండి" అన్నాను.

అంతే, మూగనోము తీరిపోయింది. బొమ్మలోని సంత మా ఊరి పక్కనున్న ఉతై బజారే అని ఒకరు, కాదని ఒకరు. మేక పేరేమిటని దెబ్బలాట. హిందీలో మొదలై, మాట దొరక్క నా వైపు తిరిగి, "ఆంటీ, ఛాతాని తెలుగులో ఏమంటారు?" గొడుగు. "గీలా?" తడి. నేను అడిగితే తల దించుకునే పిల్లలు నన్ను అడుగుతున్నారు! నాకు ఒళ్ళంతా సంతోషం పాకింది, దాచుకోలేదు, చప్పట్లు కూడా కొట్టాను.

ఆ చప్పట్ల మధ్యలో గుమ్మంలో మా ఆయన కనబడ్డారు. వెనకాల సెక్రటరీ. స్నానం చేసి వరండాలోకి వచ్చేసరికి తాడు మాత్రమే ఉందట. ఆయన మొహం ఎర్రగా ఉంది. నేనూ నడుం మీద చెయ్యి పెట్టుకుని లేచాను. ఇద్దరం నోరు తెరిచేలోపే మనవరాలు కన్నం పుస్తకం తెచ్చి ఆయన బొటనవేలు తీసి కన్నంలో పెట్టింది. పేజీ తిప్పింది. ఎలుక కలుగు చందమామైంది. ఆయన వేలు తీసి కన్నం అంచు చుట్టూ తడిమారు. పుస్తకాన్ని పక్కకి ఎత్తి, అన్ని పేజీల్లోంచి కిటికీ వెలుతురు చూశారు.

"ఎక్కడా అంచు లేవలేదు" అన్నారు నెమ్మదిగా. "కావాలనే కొట్టినాడు. పనోడే."

తర్వాత చెప్పులు విడిచి, జంపఖానా మీద కూర్చుని, తలకిందులది చూశారు, తలుపులది చూశారు. చీటీల మీద ఎరుపు ఇంటూలు చెరపలేదు. పెట్టిన గుర్తు చెరపకూడదట, పక్కనే కొత్తది పెట్టాలట. ఒక్కో ఇంటూ పక్కన ఒక్కో నీలం టిక్కు పడుతుంటే నా గుండెల మీద బరువు ఒక్కొక్కటే దిగింది. తప్పు తనదని నోటితో అనలేదు. ఆ టిక్కులే ఆయన అనగలిగిన మాట.

మేక పుస్తకం దగ్గర పెన్సిలు ఆగిపోయింది. ముందుకీ వెనక్కీ తిప్పారు. "ఇది నిజంగానే తప్పు."

"అక్షరాలుండవండీ దానికి, అదే దాని పద్ధతి."

"అక్షరాల మాట కాదే. ఇది చూడు. ముందు ముసలాయన తడిసి ముద్దయిపోయినాడు. తర్వాత పేజీలోన పొడిగా ఉన్నాడు, అప్పుడే మబ్బేస్తన్నాది." పుస్తకం నడుం దగ్గర పిన్నులు వేలితో నొక్కారు. "కాగితాలు ఒకదాంట్లో ఒకటి మడిచి పిన్ను కొట్టినారు. రెండు కాగితాలు తారుమారయ్యాయి. మరైతే వెనక సగంలో కూడా ఇలాంటిదొకటి ఉండాల." వెనక సగం తెరిచారు. ఇంట్లో పొయ్యి దగ్గర మేక తువ్వాలు చుట్టుకుని వెచ్చగా కూర్చుంది. మరుసటి పేజీలో మళ్ళీ దారి మీద వానలో ఉంది!

పొద్దుటినుంచీ ఆ పుస్తకాన్ని ఎన్నిసార్లు చూశానో, నాకు కనబడలేదు. పిల్లలకి కనబడలేదా? అడిగాను. కనబడింది, అన్నీ కనబడ్డాయి. కానీ అది తప్పని ఎవరికీ తోచలేదు. మా మనవరాలైతే ఇంత తెలివితక్కువ ప్రశ్న వినలేదన్నట్టు చూసి చెప్పింది. మేక తోసేస్తే తాత చెరువులో పడ్డాడు, ఇంటికెళ్ళి బట్టలు మార్చుకున్నాడు, అప్పుడు వాన పడింది. మరి మేక మళ్ళీ వానలోకి ఎందుకెళ్ళింది? "సామాన్ భూల్ గయీ నా, బజార్ మే!" సామాను మర్చిపోయింది, తెచ్చుకోవాలి కదా.

సెక్రటరీ పకపకా నవ్వాడు. "పాస్ చేసీ అన్నయ్యా, కథ కుదిరిపోయింది."

"కథ కుదిరితే సరుకు కుదిరినట్టు కాదు" అన్నారాయన. ఎరుపు ఇంటూ అలాగే ఉంచేశారు. పిల్ల కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. "ఒక్క పుస్తకం! ఆ మొహం చూడండి ఓసారి" అని కసిరాను. "మొహం చూసి పాస్ చేస్తారేటి ఎక్కడైనా?" అన్నారు. అప్పుడు ఆయన మీద ఎంత కోపమొచ్చిందో, ఇప్పటికీ తలుచుకుంటే కొంచెం వస్తుంది.

షాపువాళ్ళు మర్యాదస్తులు. ఫోను చేస్తే తప్పు కాపీ మీరే ఉంచుకోండి, సరైనది పంపుతామన్నారు. కానీ రిజెక్టయిన సరుకు సంఘం బీరువాలోకి పోదు కాబట్టి, మేక మా ఇంట్లోనే ఉండిపోయింది. ఆ రోజునుంచీ మా వరండాలో ఒక కొత్త వ్యవహారం మొదలైంది. మధ్యాహ్నం కునుకు తీసి లేవగానే మనవరాలు ఆ పుస్తకం తెచ్చి తాత పక్కన కూర్చుంటుంది. ఇంట్లో పొద్దంతా ఉన్నా ఆయన ఆ పిల్లతో మాట్లాడేది, జాగ్రత్త, పడతావు, ముట్టుకోకు, అంతవరకే. ఇప్పుడు రోజూ ఒకటే ప్రశ్న. "మరి మేక మళ్ళీ ఎందుకెళ్ళిందే?"

రోజూ జవాబు మారేది. మెడలో గంట మర్చిపోయింది. చెల్లిని మర్చిపోయింది. వాన బాగుందని మళ్ళీ తడవడానికి వెళ్ళింది. మొదట ఆయన ఒప్పుకునేవారు కాదు. "మరి తువ్వాలేదే? తువ్వాలుతోనే వెళ్ళాల కదా?" అనేవారు. పిల్ల ఆలోచించి, తువ్వాలు తాతకిచ్చేసిందనేది. ఆయన ముందు పేజీ తీసి, ముసలాయన భుజం మీద నిజంగానే తువ్వాలుందో లేదో వేలు పెట్టి వెతికేవారు. వంటింట్లో నేను పప్పు కలపడం ఆపేసి వినేదాన్ని. కొంచెం అసూయగా కూడా ఉండేది. క్లాసు చెప్పేది నేను, కథ వినేది ఆయన.

హాల్లో పిల్లలు పెరిగారు, నిజమే. కానీ వాళ్ళ నాన్నలు గుమ్మం దగ్గర నిలబడి, "వీళ్ళు ఆడుతున్నారా, చదువుతున్నారా?" అని అడిగేవారు. కమిటీ కూడా అదే అడుగుతుందని నాకు తెలుసు. పైగా పిల్లలకి మేక కావాలి. ప్రతి ఆదివారం, "ఆంటీ, బకరీ?" అని అడిగేవారు. కొత్త కాపీ వస్తోందని చెప్పి నెట్టుకొచ్చాను.

అది సెలవుల ఆఖరి శనివారం వచ్చింది. మర్నాడే కమిటీ వచ్చే రోజు. నా ప్రాణం లేచొచ్చింది. ఆయన పేపరు పరిచి, చీటీ అంటించి, పేజీ పేజీ చూశారు. మబ్బు, తర్వాత వాన, తర్వాత తడవడం. దారి, తర్వాత ఇల్లు, తర్వాత తువ్వాలు. "ఒక్క లోపం లేదు" అన్నారు తృప్తిగా. పెన్సిలు నీలం వైపు తిప్పారు. మనవరాలు ఆయన చెయ్యి పట్టుకుని ఆపేసింది.

"నేను చూస్తాను తాతా."

ఆయన పెన్సిలు దాని చేతికిచ్చారు. పిల్ల కాళ్ళు చాపుకుని, అచ్చం ఆయనలాగే ఒక్కో పేజీ ఎత్తి వెలుతుర్లో చూసి, ఆఖరికి పెన్సిలు తిప్పి, చీటీ మీద పెద్ద ఎర్ర ఇంటూ గీసింది.

"రిజెక్టు? ఎందుకు?" అన్నారాయన. "ఇన్‌స్పెక్షన్‌లోన కారణం చెప్పాల."

"ఇందులోన మేక మళ్ళీ ఎల్లలేదు తాతా. సామానంతా బజార్లోనే ఉండిపోయింది. మరెవులు తెస్తారేటి?"

ఆ పిల్ల అంత పొడుగు మాట ఒక్క హిందీ ముక్క లేకుండా చెప్పడం నేను అంతకుముందు వినలేదు. అదీ ఆయన యాసలో! ఆయన నా వైపు చూశారు, నేను ఆయన వైపు చూశాను. పిల్లకి మా గోల పట్టలేదు. లోపలికి పరిగెత్తి పాత కాపీ తెచ్చి, ఎర్ర ఇంటూ పక్కన నీలం టిక్కు పెట్టింది. టిక్కు తిరగబడి, చీటీ దాటి, అట్ట మీద దాకా పోయింది. ఆయన రెండు పుస్తకాలనీ చేతుల్లోకి తీసుకున్నారు. తర్వాత సరైన కాపీని టీవీ పక్కన అరలో పెట్టేసి, తప్పు కాపీని నా సంచిలో వేశారు. "రిజెక్టయింది గేటు దాటదు కదా" అన్నారు.

ఆదివారం కమిటీ వాళ్ళు ముగ్గురొచ్చి కుర్చీల్లో కూర్చున్నారు. మేక కనబడగానే పిల్లలందరూ దాని చుట్టూ మూగారు. ముగ్గురిలో పెద్దాయన కూడా మిల్లులో మా ఆయనతో కలిసి చేసినవాడే. కళ్ళజోడు సర్దుకుని, పిల్లల తలల మీదుగా చూసి, "ఇదేటిది? ముందు తడిసీసి తర్వాత వాన పడ్డమేటి?" అన్నాడు.

హాలు కప్పు లేచిపోయింది. చెరువులో పడ్డాడని ఒకరు, కాదు మేక తోసిందని ఒకరు, బట్టలు మార్చుకున్నాడు చూడండి తాతగారూ అని ఇంకొకరు. ఎదుటివాళ్ళు తెలుగు పెద్దవాళ్ళు కాబట్టి అందరూ తెలుగే వెతుక్కుంటున్నారు. మాట దొరక్కపోతే చేతులతో చూపిస్తున్నారు, పక్కవాళ్ళు అందిస్తున్నారు. ఒకడు మేక మొహం పెట్టి నటించాడు. ఆ ముగ్గురూ కుర్చీల అంచుల దాకా జరిగి వింటున్నారు. సెక్రటరీ నా చెవి దగ్గరకొచ్చి, "హాలు మీదే వదినా, ఇంకెవులడుగుతారు?" అన్నాడు. తల ఊపాను.

గోల తగ్గాక పెద్దాయన పుస్తకం చేతిలోకి తీసుకున్నాడు. పిన్నులు చూశాడు. అతనికి తెలియకుండా ఎలా ఉంటుంది? వెనక సగం తెరిచి, తారుమారైన పేజీ పట్టుకుని, వెనకాల గోడ దగ్గర కూర్చున్న మా ఆయన వైపు తిరిగాడు. "ఏటయ్యా, నువ్వు ఇన్‌స్పెక్షన్ చెయ్యలేదేటి దీన్ని?"

చెడ్డ సరుకు పాస్ చేశాడన్న మాట ఆయన తన ఉద్యోగంలో ఒక్కసారి కూడా పడలేదు. చీటీ మీద టిక్కు పిల్లది, తనది కాదు. ఆ మాట ఒక్కటి చెప్తే చాలు, ఆయన పరువు ఆయనకుంటుంది. మనవరాలు తాత వైపే చూస్తోంది. పిల్లలందరూ అటే చూస్తున్నారు.

మా ఆయన లేచి వెళ్ళి పుస్తకం అందుకున్నారు. అట్ట మీద దుమ్ము లేకపోయినా ఓసారి తుడిచారు.

"చూసాను," అన్నారు. "సరిగ్గానే ఉన్నాది."